మెట్రోకి ఎన్ని స్టార్లు?

(హైదరాబాద్ నాగోలులో ఒక ఇల్లు, ఆదివారం పొద్దున. రోజూ మెట్రోలో రాయదుర్గం వెళ్లొచ్చే మేనల్లుడు ఫోన్‌లో ప్రయాణికుల సర్వే నింపుతున్నాడు. పక్కన మేనత్త చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆవిడ బతుకంతా సిటీ బస్సుల్లోనే గడిచింది.)

అల్లుడు: ఐదుకి ఐదు ఇచ్చేస్తున్నానత్తా. నాగోలులో ఎక్కితే రాయదుర్గంలో దిగడమే. ట్రాఫిక్ లేదు, సిగ్నల్ లేదు, చెమట లేదు.

అత్త: సాయంత్రం అమీర్‌పేటలో రైలు మారి చూసి ఇవ్వు. 2017లో మొదలైనప్పుడు మూడు బోగీలు. ఇన్నేళ్లయినా మూడే. ప్లాట్‌ఫారాలేమో ఆరింటికి సరిపడా కట్టారాయె.

అల్లుడు: అంత జనం ఎక్కుతున్నారంటే నచ్చిందనేగా!

అత్త: పెళ్లిలో బంతి కోసం నిలబడ్డవాళ్లంతా వంట బాగుందని నిలబడతారా? ఆకలి. 2025 మేలో పెద్ద టికెట్టు 60 నుంచి 75 చేశారు, జనం గోల పెడితే వారంలో 69కి దించారు. ఆ గొడవలో విసిగి బైకు తీసినవాళ్లు నీ సర్వేలో ఉంటారా? రైల్లో మిగిలినవాళ్లనే కదా అడిగేది.

అల్లుడు: నీకేం, ఆడవాళ్లకి ఉచిత బస్సు, జీరో టికెట్టు! 2023 డిసెంబరు 9 నుంచి బస్సులో రూపాయి తీయలేదు. నీకూ అసంతృప్తేనా?

అత్త: టికెట్టు సున్నా అయింది కానీ ఎదురుచూపు సున్నా కాలేదురా. ఉచితం ఆర్డినరీకీ, ఎక్స్‌ప్రెస్‌కే. డీలక్స్ వస్తే పక్కకి జరిగి నిలబడాలి. అయినా ఆ పథకానికి నేను ఐదు ఇస్తా. ఇళ్లల్లో పనికెళ్లే ఆడవాళ్లని అడుగు, నెలాఖరున ఎంత మిగులుతోందో లెక్క చెప్తారు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాడు ఒకటి కూడా ఇవ్వడు. ఇద్దరివీ కలిపి మూడు అని వేస్తే, ఆ మూడు ఎవరిది?

అల్లుడు: (కాసేపాగి) సగటంటే అంతేగా.

అత్త: ఫలక్‌నుమా దాకా అన్న రైలు 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ బస్టాండు చేరి అక్కడే ఆగిపోయింది. ఆ మిగిలిన దారిలో, పాతబస్తీలో ఉండే శాలిబండ మనిషి ఎన్ని స్టార్లిస్తాడు?

అల్లుడు: నువ్వు లేనిదాన్ని తిడుతున్నావత్తా. సర్వే ఉన్నదాని గురించి అడుగుతోంది.

అత్త: సరే, ఉన్నదే అడుగుతా. రాయదుర్గంలో దిగి ఆఫీసుకెలా వెళ్తావు?

అల్లుడు: షేర్ ఆటో.

అత్త: ఎంత?

అల్లుడు: మామూలు రోజైతే పర్లేదు. వాన పడితే వాడు చెప్పినంత.

అత్త: ఇక్కడ ఇంటి నుంచి స్టేషన్‌కి?

అల్లుడు: తెలీనట్టు అడుగుతావేం? మామయ్య బండి మీద దింపుతాడుగా.

అత్త: ఆ రెండూ ఎక్కడ రాయాలో చూడు.

(అల్లుడు బొటనవేలితో స్క్రీన్ పైకి, కిందికి జరుపుతాడు.)

అల్లుడు: శుభ్రత... భద్రత... టికెట్ కౌంటరు... సిబ్బంది ప్రవర్తన...

అత్త: ఆటో?

అల్లుడు: లేదు.

అత్త: మామయ్య?

అల్లుడు: మామయ్యకి ఐదు స్టార్లు, పో!

(లోపలి గదిలోంచి మామయ్య గొంతు: "స్టార్లు సరేరా, పెట్రోలు డబ్బుల సంగతేంటి?")