దోపిడీ పాతదే, డివిడెండ్ కొత్తది

వలస పాలన మీద చర్చ మొదలైతే రెండు వాదనలు తప్పనిసరిగా వినిపిస్తాయి. బ్రిటిష్ వాళ్లంతటి క్రూరులు చరిత్రలోనే లేరని ఒకరంటారు. రోమన్లు, మంగోలులు, మొఘలులు చేసిందే వీళ్లూ చేశారు, వీళ్లనే తిట్టడం ఎందుకని ఇంకొకరు. చిత్రమేమిటంటే ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే తూకం: ఎవరు ఎక్కువ మందిని చంపారు? ఆ తూకంతో ఏదీ తేలదు. క్రీ.పూ. 146లో రోమన్లు కార్తేజ్‌ను, 1258లో మంగోలు నాయకుడు హులగు సైన్యం బాగ్దాద్‌ను ఏం చేశాయో చదివాక క్రూరత్వం యూరప్ సొంతం అనలేం. 1621లో జాజికాయ వ్యాపారం కోసం డచ్ కంపెనీ బాండా దీవుల జనాన్ని దాదాపుగా తుడిచిపెట్టిన తీరు చదివాక వాళ్లకు క్లీన్ చిట్ ఇవ్వనూ లేం.

నేనైతే వేరే రెండు ప్రశ్నలు అడుగుతాను. వసూలు చేసిన సొమ్ము చివరికి ఎక్కడ ఖర్చయింది? ఓడినవాడి మనవడికి గెలిచినవాడి పక్కన కుర్చీ దొరికిందా?

రెండో ప్రశ్నకు రోమ్ ఇచ్చే జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. జూలియస్ సీజర్ గాల్‌ను, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని, నెత్తురుటేరులు పారించి గెలిచాడు. క్రీ.పూ. 50 నాటికి ఆ పని పూర్తయింది. క్రీ.శ. 48లో, అంటే వందేళ్లు తిరగకుండానే, అదే గాల్ పెద్దలను సెనేట్‌లోకి తీసుకోవాలని చక్రవర్తి క్లాడియస్ స్వయంగా వాదించి ఒప్పించాడు. 193లో గద్దెనెక్కిన సెప్టిమియస్ సెవెరస్ పుట్టింది లిబియా తీరంలోని లెప్టిస్ మాగ్నాలో. అతని కొడుకు కారకల్లా 212లో సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ, బానిసలకు తప్ప, దాదాపుగా పౌరసత్వం ఇచ్చేశాడు. అది పన్నుల కోసం చేసిన పనేనని ఆ కాలపు చరిత్రకారుడు డియో ఎత్తిపొడిచాడు. అయి ఉండొచ్చు. ఉద్దేశం ఏదైనా తలుపు మాత్రం తెరుచుకుంది.

ఫ్రాన్స్ 1830లో అల్జీరియాలో అడుగుపెట్టింది. అక్కడి ముస్లింలకు పౌరసత్వం కావాలంటే తమ మత ధర్మం ప్రకారం నడిచే కుటుంబ చట్టాన్ని వదులుకోవాలని 1865లో షరతు పెట్టింది. 1881లో వాళ్లకు ప్రత్యేకంగా శిక్షాస్మృతి రాసింది. మన దగ్గర ప్లాసీ యుద్ధం 1757లో జరిగితే, వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో తొలి భారతీయుడు ఎస్.పి. సిన్హా కూర్చున్నది 1909లో. నూట యాభై రెండేళ్లు పట్టింది. ఉన్నతాధికారులను ఎంచే ఐసీఎస్ పరీక్ష 1922 దాకా లండన్‌లో మాత్రమే పెట్టారు. ఓడ ఎక్కలేనివాడికి ఆ ఉద్యోగం లేనట్టే. దీని పక్కన గోల్కొండను పెట్టి చూడండి. కుతుబ్‌షాహీల మూలపురుషుడు ఇరాన్ నుంచి వచ్చినవాడే. ఆ వంశంలోని ఇబ్రహీం మన కవులకు మల్కిభరాముడయ్యాడు, తానీషా కాలానికి రాజ్యం నడిపింది అక్కన్న మాదన్నలు. వాళ్లు దయగల ప్రభువులని చెప్పడం నా ఉద్దేశం కాదు. రైతు దగ్గర పన్ను పిండడంలో ఎవరూ తక్కువ తినలేదు. అయితే ఆ పిండిన డబ్బుతో కోటలు కట్టినా, నగలు చేయించుకున్నా, సైన్యాన్ని మేపినా, ఇక్కడి తాపీ మేస్త్రీకి, కంసాలికి, సాలెవాడికి పని దొరికేది.

మొదటి ప్రశ్నకు పెరూ దగ్గర మంచి ఉదాహరణ ఉంది. ఇన్కా వంశపు చక్రవర్తుల కాలంలో ‘మిటా’ అని వంతుల వారీ వెట్టి ఉండేది. ఊరి మనుషులు కొంతకాలం రాజ్యం పని చేయాలి: దారులు, వంతెనలు, కొండవాలు పొలాలు. పనిచేసినన్నాళ్లూ రాజ్యమే తిండి పెట్టేది. స్పెయిన్ వాళ్లు ఆ పేరునూ, ఆ పద్ధతినీ ఉంచుకుని దారి మాత్రం మార్చేశారు. 1573 నుంచి పదహారు రాష్ట్రాల వయోజన పురుషుల్లో ఏడుగురికి ఒకరి చొప్పున, ఏటా పదమూడు వేల మందికి పైగా, పొటోసీ వెండి గనులకు తోలారు. ఆ వెండి సముద్రం దాటి స్పెయిన్ రాజు అప్పులకూ యుద్ధాలకూ పోయింది. 1812 దాకా ఇదే తంతు.

ఆ అమెరికా వెండిలో కొంత మన తీరానికీ వచ్చింది. 1611లో మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టిన ఇంగ్లిష్ కంపెనీ ఇక్కడి బట్ట కొనాలంటే వెండి తేవాల్సిందే, మన దగ్గర వాళ్ల సరుకుకు గిరాకీ లేదు కాబట్టి. 1765లో బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, చేతికొచ్చాక లెక్క తిరగబడింది. బెంగాల్ రైతు కట్టిన శిస్తులో ఒక భాగంతోనే బెంగాల్ సరుకు కొని లండన్‌కు ఎగుమతి చేశారు. దీన్ని వ్యాపారం అని ఎలా అంటారో నాకైతే అర్థం కాదు. నాదిర్‌షా 1739లో ఢిల్లీని దోచి నెమలి సింహాసనంతో సహా పట్టుకుపోయాడు, కానీ ప్రతి ఏడాదీ రాలేదు. దాదాభాయ్ నౌరోజీ చూపిన తేడా ఇదే: పాత దండయాత్రల గాయం మానేది, ఈ కారడం మాత్రం ఆగదు.

1833 చార్టర్ చట్టం చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఆ చట్టంతో కంపెనీ వ్యాపారం మూతపడింది. మరి వాటాదారుల సంగతి? ఏటా పదిన్నర శాతం, అంటే 6,30,000 పౌండ్ల డివిడెండ్‌ను భారతదేశపు ఆదాయం నుంచే ఇవ్వాలని రాసుకున్నారు. ఆ రోజుల్లోనే గుంటూరు సీమ నందన నామ సంవత్సరపు కరువులో ఉంది. మనవాళ్లు డొక్కల కరువు అని చెప్పుకునేది దాన్నే. జిల్లా జనంలో దాదాపు మూడో వంతు పోయారు. అక్కడ జనం రాలిపోతున్న కాలంలోనే, వాళ్ల శిస్తు మీద నలభై ఏళ్ల డివిడెండ్‌కు లండన్‌లో హామీ పడింది. 1857 తిరుగుబాటును అణచిన ఖర్చు కూడా మన పద్దులోనే వేశారు. కంపెనీ పాలన 1858లో పోయినా డివిడెండ్ 1874 దాకా నడిచింది.

రోమ్‌లోనూ పన్నుల కాంట్రాక్టర్లు వాటాలు వేసుకుని ఆసియా అనే తమ రాష్ట్రాన్ని, అంటే నేటి టర్కీ పడమటి భాగాన్ని, పీల్చారు కదా అని తెలిసినవాళ్లు అడగొచ్చు. నిజమే. చక్రవర్తుల కాలం వచ్చాక వాళ్లకు క్రమంగా కత్తెర వేశారు. ఇక్కడ ఆ వాటాదారులకు పార్లమెంటే పూచీ పడింది.

రైళ్లు వేశారు, ఆనకట్టలు కట్టారు అనే మాట దగ్గరకు వద్దాం. రైల్వే కంపెనీలకు అయిదు శాతం రాబడి హామీ ఇచ్చారు, లోటు పడితే భారత ఖజానా నింపింది. గోదావరి కథ వేరు. కాటన్‌ను ఆ జిల్లాల్లో దేవుడిలా కొలుస్తారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా రూపమే మారింది. అయితే కంపెనీ కదిలింది ఎందుకు? రాజమండ్రి జిల్లాలో శిస్తు పడిపోతోందని, నీళ్లిస్తే మళ్లీ పెరుగుతుందని 1844లో మాంట్‌గోమరీ నివేదిక చెప్పింది కాబట్టి. పట్టాల మీద పెట్టే డబ్బు కాలువల మీద పెట్టమని కాటన్ తర్వాత ఏళ్ల తరబడి పోరాడాడు. రాబడి హామీలో సింహభాగం మాత్రం పట్టాలకే దక్కింది.