సద్దాం పోయాడు, ఆయన ఉత్తర్వు మిగిలింది

2003 డిసెంబర్‌లో ఒకరోజు, సద్దాంను కూలదోసి ఇరాక్‌ను ఆక్రమించిన అమెరికా సైనికులు సాయుధ వాహనాలతో వచ్చి బాగ్దాద్‌లోని ఒక యూనియన్ ఆఫీసు మీద పడ్డారు. ఎనిమిది మందిని పట్టుకుపోయి మర్నాడు వదిలేశారు. కాగితాలు పట్టుకెళ్లారు, అద్దాలు పగలగొట్టారు. పోతూపోతూ గోడ మీదున్న ఇరాకీ కార్మిక సంఘాల సమాఖ్య పేరుకు నల్లరంగు పూశారు. మనుషుల్ని పట్టుకుపోవడానికి ఏదో ఒక అనుమానం చాలు. బోర్డుకు రంగు పూయడానికి ఏ అనుమానం కావాలి? ఆ పేరు అక్కడ కనిపించడమే వాళ్లకు ఇష్టం లేదు.

ఆ అయిష్టం అంతకుముందు నుంచీ ఉన్నదే. 1987లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం 150వ నంబరు ఉత్తర్వు తెచ్చింది. ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవాళ్లు ఇకమీద కార్మికులు కారు, ప్రభుత్వోద్యోగులు అని తేల్చింది. వినడానికి హోదా పెంచినట్టే ఉంటుంది. అసలు సంగతేమిటంటే, ఉద్యోగికి యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. చమురు, కరెంటు, రైళ్లు, రేవులు అన్నీ సర్కారువే కాబట్టి, సమ్మె చేస్తే దేశం ఆగిపోయే చోట్ల యూనియన్ అనే మాటే చట్టవిరుద్ధమైంది. 2003లో ఆక్రమిత ఇరాక్‌ను పాలించడానికి అమెరికా పంపిన పాల్ బ్రెమర్ వచ్చి, సద్దాం పార్టీ అయిన బాత్ పార్టీని, సైన్యాన్ని రద్దు చేశాడు. చమురు మినహా చాలా రంగాల్లో విదేశీ కంపెనీలకు నూరు శాతం యాజమాన్యం ఇచ్చాడు. ఈ ఉత్తర్వును మాత్రం ముట్టుకోలేదు. ఆ తర్వాత ఎన్నికై వచ్చిన ప్రభుత్వాలకూ అది అక్కరకొచ్చింది.

ఇరాక్ కార్మికులకు బయటి దేశాల సంఘాలు ఇచ్చిన మద్దతు ఎంత విలువైనదో ఈ ఉత్తర్వు దగ్గర నిలబడి చూస్తేనే తెలుస్తుంది. యుద్ధాన్ని తిట్టడం తేలిక, సద్దాంను తిట్టడం అంతకన్నా తేలిక. సద్దాంకూ అమెరికాకూ పనికొచ్చిన ఆ కాగితాన్ని పట్టుకుని ఏళ్లతరబడి వెంటపడినవాళ్లు తక్కువ.

ముందు దక్షిణ ఇరాక్‌లోని చమురు నగరం బస్రా వాళ్లు ఏం చేశారో చెప్పాలి. సంఘీభావం గురించి రాసేటప్పుడు అక్కడివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటే బయటివాళ్లు వచ్చి ఆదుకున్నట్టు రాయడం మామూలైపోయింది. జరిగింది అది కాదు. 2003 ఆగస్టులో అక్కడి ప్రభుత్వ చమురు సంస్థ సౌత్ ఆయిల్ కంపెనీ కార్మికులు పని ఆపితే చమురు ఎగుమతులు నిలిచిపోయాయి. అమెరికా కంపెనీ హాలిబర్టన్ అనుబంధ సంస్థ కేబీఆర్ తమ పని ప్రదేశాల్లోకి రావడాన్ని వాళ్లు అడ్డుకున్నారు. యుద్ధంలో పాడైన యంత్రాలను దొరికిన సామానుతో తామే బాగుచేసుకున్నారు. ఆక్రమణ యంత్రాంగం ప్రకటించిన జీతాల పట్టికలో అట్టడుగు జీతం నెలకు 69,000 దీనార్లు, అంటే 40 డాలర్ల చుట్టుపక్కల. యూనియన్ వాళ్లు బజారుకెళ్లి ధరలు రాసుకొచ్చారు. ఆ లెక్కతో తమ సొంత పట్టిక తయారుచేసి మంత్రిత్వశాఖ ముందు పెట్టారు. ఒప్పుకోకపోతే సమ్మె అన్నారు. కనీస జీతం 102,000 దీనార్లకు పెరిగింది. చట్టం దృష్టిలో లేని సంఘం సాధించిన ఒప్పందం ఇది!

ఇలాంటివాళ్లు బయటివాళ్లను అడిగిందల్లా, మా తరఫున మీరు మాట్లాడకండి, మమ్మల్ని మాట్లాడనివ్వండి అనే. 2005 జూన్‌లో యుద్ధాన్ని వ్యతిరేకించే అమెరికా కార్మికుల వేదిక ఆరుగురు ఇరాకీ నాయకులను పిలిపించి పాతిక నగరాల దాకా తిప్పింది. వాళ్లు మూడు వేర్వేరు సమాఖ్యల వాళ్లు, ఒకరితో ఒకరికి పడదు. అయినా ఆక్రమణ ముగియాలని, దేశ సంపదను ప్రైవేటుకు అప్పజెప్పవద్దని ఒకే ప్రకటన మీద సంతకాలు చేశారు. మరుసటి నెల షికాగో మహాసభలో అమెరికా కార్మిక సమాఖ్య ఏఎఫ్‌ఎల్-సీఐఓ సైన్యాన్ని త్వరగా వెనక్కి రప్పించాలని తీర్మానించింది. వియత్నాం యుద్ధాన్ని సమర్థించిన సంస్థ ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. అదే సమాఖ్యకు చెందిన అంతర్జాతీయ విభాగం అప్పట్లో ప్రధానంగా అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచేదన్నదీ మరచిపోకూడదు. ఆ డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది ఇరాకీ సంఘాల మధ్య నిజంగానే గొడవైంది. నాకైతే తీసుకోనివాళ్ల వైపే మొగ్గు.

బ్రిటన్‌లో కథ ఇంత సాఫీగా సాగలేదు. 2004 సెప్టెంబర్‌లో బ్రైటన్‌లో జరిగిన లేబర్ పార్టీ సభలో సైన్యం వెనక్కి రావాలన్న తీర్మానం ఓడిపోయింది. సైన్యం వెంటనే వెళ్లిపోతే తీవ్రవాదులదే పైచేయి అవుతుందన్న ఇరాకీ కార్మిక సంఘాల సమాఖ్య ప్రతినిధి వాదన విని పెద్ద యూనియన్లు ఓటు మార్చుకున్నాయి. యుద్ధ వ్యతిరేక ఉద్యమం ఆ సంఘాన్ని ద్రోహి అంది. మరుసటి నెల లండన్‌లో జరిగిన ఉద్యమ సంఘాల సభ యూరోపియన్ సోషల్ ఫోరంలో ఆ సంఘం నాయకుణ్ని మాట్లాడనివ్వకుండా అరిచి వేదిక దింపేశారు. అతని రాజకీయాలు నాకూ నచ్చవు. కానీ ఇరాక్ కార్మికుడి కోసం పెట్టిన సభలో ఇరాక్ కార్మికుడి నోరు మూయించడం ఏం సంఘీభావం? అవతలి పక్షం కూడా తక్కువ తినలేదు, అతని మాటను బ్రిటన్‌ను యుద్ధంలోకి దింపిన ప్రధాని బ్లెయిర్‌కు గొడుగులా వాడుకుంది. మూడు నెలలు తిరక్కుండానే, 2005 జనవరిలో, ఆ సమాఖ్య అంతర్జాతీయ కార్యదర్శి హాదీ సాలెహ్‌ను బాగ్దాద్‌లో ఆయన ఇంట్లోనే చిత్రహింసలు పెట్టి చంపారు. 1969లో బాత్ పాలన ఆయనకు మరణశిక్ష వేసింది. దాన్ని తప్పించుకుని, అయిదేళ్లు జైల్లో ఉండి, స్వీడన్‌లో ప్రవాసం గడిపి, యూనియన్ కట్టడానికి తిరిగొచ్చిన మనిషి.

మాటలు కాక పని ఆగిన రోజు ఒకటుంది. 2008 మే 1న శాన్ డియెగో నుంచి సియాటిల్ దాకా అమెరికా పశ్చిమ తీరంలోని 29 రేవుల్లో కార్మికులు యుద్ధానికి వ్యతిరేకంగా ఒక షిఫ్టు, ఎనిమిది గంటలు, పని మానేశారు. పనికి వెళ్లాల్సిందేనని యూనియన్‌కూ యాజమాన్యాలకూ మధ్య తగవులు తీర్చే మధ్యవర్తి చెప్పినా వినలేదు. అదే రోజు ఇరాక్‌లో ఉమ్ ఖసర్, ఖోర్ అల్ జుబైర్ రేవు కార్మికులు వాళ్లకు మద్దతుగా గంటసేపు పని ఆపారు. ఆ గంట నాకు ఆ ఎనిమిది గంటలకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అమెరికాలో మధ్యవర్తి ముందు నిలబడే యూనియన్ ఒకటుంది. ఉమ్ ఖసర్‌లో చట్టం లెక్కన యూనియనే లేదు.

టీవీల్లోంచి యుద్ధం తప్పుకున్నాక పని ఇంకా కష్టమైంది. 2007 జూన్‌లో బస్రా పైప్‌లైన్ కార్మికులు సమ్మె చేస్తే ప్రధాని మాలికీ అరెస్టు వారంట్లు, సైన్యం రెండూ పంపాడు. 2010లో విద్యుత్ శాఖ యూనియన్ ఆఫీసులను పోలీసులతో మూయించింది. ఆ సంఘానికి అప్పటి అధ్యక్షురాలు హష్మియా ముహ్సిన్, ఇరాక్‌లో జాతీయ స్థాయి యూనియన్‌కు నాయకత్వం వహించిన తొలి మహిళ. 2013లో చమురు కార్మికుల నాయకుడు హసన్ జుమా మీద సమ్మెలు చేయించాడని కేసు పెట్టారు. బయటి సంఘాల నుంచి లేఖలు వచ్చాయి, కోర్టు కేసు కొట్టేసింది. 2015లో కొత్త కార్మిక చట్టం వచ్చింది, సమ్మె హక్కు ఇచ్చింది. ప్రభుత్వోద్యోగులు మాత్రం దాని పరిధిలోకి రారు. తిరిగి తిరిగి 1987 దగ్గరికే. 2018లో సంఘం పెట్టుకునే స్వేచ్ఛకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87వ ఒప్పందాన్ని ఇరాక్ ఆమోదించింది కదా అంటారు. ఆమోదించింది, నిజమే.

2019 అక్టోబర్‌లో బాగ్దాద్ తహ్రీర్ మైదానం నిండిపోయింది. 'మాకు దేశం కావాలి' అన్నది నినాదం. గాయపడ్డవాళ్లను ఆస్పత్రికి చేర్చింది ఆటోలు తోలే కుర్రాళ్లు. మైదానంలోంచి వెలువడిన పత్రికకు వాళ్ల బండి పేరే పెట్టారు, 'టుక్‌టుక్' అని. టీచర్ల సంఘం సమ్మెకు దిగింది. నిరసనకారులు ఉమ్ ఖసర్ దారిని మూసేశారు. అప్పుడు కూడా విదేశీ సంఘాల ఖండన ప్రకటనలు వచ్చాయి, చాలా పద్ధతిగా రాసినవి. ప్రధాని అబ్దుల్ మహ్దీ రాజీనామా చేసేసరికే వందల మంది చనిపోయారు. ఉమ్ ఖసర్‌కు ఓడలు బయల్దేరే రేవుల్లో ఆ రోజుల్లో ఒక్క షిఫ్టు ఆగిందని కూడా నేను వినలేదు.