ఒక డాలరు పైకప్పు

అమెరికా పౌరసత్వం రావడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది. గ్రీన్‌కార్డు క్యూలోనే జుట్టు నెరిసింది, కళ్లజోడు నంబరు రెండుసార్లు మారింది. ఎట్టకేలకు మార్చి రెండో మంగళవారం నాడు, న్యూ హ్యాంప్‌షైర్‌లోని మా చిన్న ఊళ్లో, ఇస్త్రీ చొక్కా వేసుకుని తొలి ఓటు వేయడానికి వెళ్లాను. బ్యాలెట్ కాగితం చేతిలో పెట్టారు. అందులో ప్రజాస్వామ్యం నన్నడిగిన ప్రశ్న ఇది: ఊరి లైబ్రరీ పైకప్పు మరమ్మతుకు ఒక డాలరు మంజూరు చేయవచ్చునా?

అచ్చుతప్పేమోనని అక్కడున్న పెద్దావిణ్ణి అడిగాను. కాదట. అక్షరాలా ఒక డాలరేనట.

పక్కన మా ఆవిడ గుసగుసగా అడిగింది, "ఏమండీ, దీనికి అవునని పెడితే పైకప్పు కావాలన్నట్టా, వద్దన్నట్టా?"

ప్రశ్న మామూలుది కాదు. ఒక డాలరుకి ఏమొస్తాయి? నాలుగు మేకులు రావచ్చు. మేకులొస్తే సరా, సుత్తి వద్దూ? సుత్తికి వచ్చే ఏడాది ఇంకో తీర్మానం పెట్టాలి. నిచ్చెనకి ఆ పై ఏడాది. ఈ లెక్కన మా మనవలు పైకప్పు ఎక్కుతారు. పోనీ కాదని పెడదామా? ఈ ఊరివాళ్లకి ఒక్క డాలరు కూడా దండగేనని రాసుకుంటారు. అవునంటే, అడిగినంతా ఇచ్చాం కదా ఇంకేం కావాలంటారు. మొదట అడిగిన 80,000 అని మనమే దిద్దుదామంటే ఆ కాగితం మీద అంకె వేయడానికి చోటే లేదు.

80,000 డాలర్ల పైకప్పు ఒక డాలరుకి ఎలా దిగిందో చెబుతాను. ఈ ప్రాంతంలో పాతకాలపు పద్ధతేమిటంటే, ఏడాదికోసారి ఊరంతా ఒకచోట చేరి, పద్దు పద్దుకీ కొట్లాడుకుని, అంకెలు దిద్దుకుని, అక్కడికక్కడే చేతులెత్తి తేల్చేసుకుంటుంది. 1995లో రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. ఓటేసినవాళ్లలో అయిదింట మూడు వంతుల మంది సరేనంటే, ఆ ఊళ్లో చర్చ ఒక రోజు, ఓటు ఇంకో రోజు. చర్చ చలికాలం నడిమధ్య, అంకెలు దిద్దేదీ అప్పుడే. ఓటు మార్చిలో బ్యాలెట్ మీద. అంటే తాంబూలాలకి ఎవరూ రారు, పెళ్లికి మాత్రం ఊరంతా వస్తుంది. పెళ్లికొడుకుని మధ్యలో మార్చేశారన్న సంగతి అడ్డుతెర దించాక తెలుస్తుంది.

మా ఊళ్లో ఫిబ్రవరి సభకి నలభై మంది వచ్చారు. ఒకాయన లేచి 80,000 కొట్టేసి ఒకటి అని రాయమన్నాడు. పాతిక చేతులు లేచాయి. తీర్మానంలో అసలు విషయాన్ని తీసేయకూడదంటుంది చట్టం, అంకె మార్చుకోవడం మాత్రం తప్పు కాదంటుంది. ఆ నిబంధన రాకముందు ఇంకా బావుండేదట. ఇక్కడి తీర్మానాలు చాలావరకు "చూచుటకు" (ఇంగ్లిషులో "To see") అనే మాటతో మొదలవుతాయి. ఒక ఊళ్లో ఆ మాట ఒక్కటే ఉంచి, తక్కిందంతా కొట్టేశారు. ఏం చూచుటకు? ఓటరు ముఖం చూచుటకు!

ఫిబ్రవరిలో నువ్వెక్కడున్నావని అడుగుతారు. ఇంట్లోనే ఉన్నాను. బయట మంచు, లోపల పులిహోర. మార్చిలో ఎలాగూ ఓటుంది కదా, ఇప్పుడెందుకులే అనుకున్నాను. మా సొంతూళ్లో గ్రామసభ రిజిస్టరు సంతకం కోసం ఇంటికే వచ్చేది, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

చర్చనీ ఓటునీ ఇలా విడదీసింది సభకి రాలేనివాళ్ల కోసమట! నైట్ డ్యూటీ నర్సు కోసమట, చంటిపిల్లల తల్లి కోసమట. రాలేనివాళ్ల మీద అంత బెంగే ఉంటే, వాళ్లు రాగలిగిన వేళకి సభ పెట్టండి. పిల్లల్ని ఆడించడానికి ఒక గది ఇవ్వండి. మంచులో ముసలాళ్లకి బండి పంపండి. అవేవీ చేతకాలేదు. పెన్సిలు మాత్రం ఊరందరికీ పంచారు, రబ్బరు నలభై మంది జేబులో ఉంచారు. ఆ నర్సు రాత్రంతా పనిచేసి, నిద్రకళ్లతో వచ్చి వేసే ఓటు దేనికి? ఎవడో ముందే చెరిపేసిన కాగితానికి! దీనికి సౌలభ్యం అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

సభలు ప్రమాదం అనేవాళ్లకి ఇదే రాష్ట్రంలో క్రోయ్‌డన్ అనే ఊరు దొరికింది. 2022 మార్చిలో అక్కడి పాత పద్ధతి సభకి 34 మందే వెళ్లారు. 20–14 ఓట్లతో బడి బడ్జెట్టుని 17 లక్షల డాలర్ల నుంచి 8 లక్షలకి కోసేశారు. ఘోరమే, కాదనను. కానీ కథ అక్కడ ఆగలేదు. మే నెలలో మళ్లీ సభ పెట్టించుకుని, ఊరు కదిలొచ్చి, 377–2తో డబ్బంతా తిరిగి పెట్టించింది. తప్పు జరిగిందీ సభలోనే, దిద్దిందీ సభలోనే.

మా ఫలితం చెప్పలేదు కదూ. ఒక డాలరు తీర్మానం భారీ మెజారిటీతో నెగ్గింది. మొన్న లైబ్రరీకి వెళ్తే పిల్లల పుస్తకాల అర పక్కన చుక్కలు పడుతున్నాయి, కింద ప్లాస్టిక్ బకెట్ పెట్టారు. కొత్తది. మూడున్నర డాలర్లట. పైనున్న రెండున్నర డాలర్లు ఏ పద్దులోంచి తీశారో తెలియాలి.