మా ఇంట్ల ‘కక్కుడు బంధు’

సంక్షేమ పథకాలు సర్కారే పెట్టాల్నా, మనం ఇంట్ల పెట్టుకోవద్దా అని నాకు మస్తు రోజుల సంది ఒక డౌటు. పోయిన వారం హన్మకొండల మా ఇంట్ల ఒక పథకం దానంతట అదే గ్రౌండింగ్ అయింది. దరఖాస్తు లేదు, మీసేవల లైను లేదు, లోకల్ లీడర్ పైరవీ లేదు, పార్టీ చూడలే వయసు చూడలే, ఆరు రోజులల్ల పదిమందిల తొమ్మిదిమందికి అందింది. ఇంత నిజాయితీగ లబ్ధిదారుని గడప దాక నడిచి వచ్చిన పథకం నా ఎరుకల ఇంకోటి లేదు, అందుకే పేరు గూడ నేనే పెట్టిన, కక్కుడు బంధు, అంటే ఒకరికెల్లి ఒకరికి అంటిన కక్కుడు రోగం. దీని మీద డాక్టర్లు లేనిపోని మాటలు అంటున్నరు, ఇంటి తరపున వివరణ ఇచ్చుడు నా బాధ్యత.

మొదటి లబ్ధిదారుడు మా అన్న చిన్నకొడుకు, యూకేజీ. ఆదివారం ఎవరిదో బర్త్‌డేకి పోయి వచ్చిండు, సోమవారం రాత్రి అందరం హాల్ల వరంగల్ కొత్తవాడల నేసిన శత్రంజీ మీద కూసోని తింటుంటే ‘కాకా, కడుపుల ఏమో అయితుంది’ అన్నడు, ఏమైతుందిరా అని నేను అడిగేలోపు శత్రంజీ మీద చూపెట్టిండు. అమ్మ ఉరికొచ్చి పాత చీర ముక్కతోని తుడిచింది, ఆ ముక్కను వంటింటి సింకుల జాడిచ్చింది, పిండి కిటికీ ఊసకు ఆరేసింది, పొద్దున లేచి అదే ముక్కతోని గ్యాస్ పొయ్యి తుడిచింది. బాపు శత్రంజీని వాకిట్లకు తీస్కపోయి నాలుగు దెబ్బలు దులిపిండు. కక్కినప్పుడు కంటికి కనపడని తుంపర్లు గాలిల లేస్తయి, దగ్గర్ల ఉన్న వస్తువుల మీద పడ్తయి, దులిపితే ఇంకా లేస్తయి అని తర్వాత తెలిసింది. అప్పటికైతే ఒక్క గుడ్డతోని ఇల్లంతా కవర్ చేసుడు పొదుపు అనే అనుకున్నం.

మంగళవారం పిల్లల డాక్టర్ కాడికి తీస్కపోయినం. ఇది నోరోవైరస్ అసొంటిదే కావచ్చు, రెండు మూడు రోజులల్ల దానంతట అదే తగ్గుతది, నీళ్లు తగ్గకుండ చూస్కోండి అని చెప్పిండు, అంతవరకు మంచిగనే ఉంది. తర్వాత అసలు మాట అన్నడు. పిల్లగాన్ని వేరే గదిల పడుకోబెట్టండి, వేరే బాత్రూం, వేరే తువ్వాల, వేరే గ్లాసు.

ఇంటికొచ్చి చెప్తే బాపు మొఖం మాడింది. ‘మేం నలుగురం అన్నదమ్ములం, ఎకరం ముప్పై గుంటల కాడ గూడ వేరువడలే, గీ కంటికి కనపడని దానికోసం వేరువడాల్నా?’ అన్నడు. దీనికి సమాధానం నా దగ్గర లేదు, ఆ డాక్టర్ దగ్గర గూడ ఉండదు. పైన ఇంకో బాత్రూం ఉన్న మాట నిజమే, గని దాంట్ల మూడేండ్ల సంది బియ్యం బస్తాలు, పెండ్లి గుండిగలు, పాత కూలరు ఉన్నయి. వైరస్‌కు భయపడి బియ్యం ఎక్కడ పెట్టాలె? కాబట్టి పదిమందికి ఒక్కటే బాత్రూం, ఒక్కటే మగ్గు, వాష్‌బేసిన్ పక్కన మొలకు ఒక్కటే తువ్వాల. ఆ తువ్వాల మా ఇంటి రాజ్యాంగం, దాని ముందు అందరూ సమానమే.

ఆ వైరస్‌కు పేరు ఎట్ల వచ్చిందో జర చదివిన. 1968ల అమెరికాల ఒహాయో రాష్ట్రంల నార్వాక్ అనే ఊర్ల ఒక బడిల సగంమంది పిల్లలు ఒకేసారి కక్కుకున్నరట, 1972ల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల దాన్ని చూసి నార్వాక్ వైరస్ అని ఊరి పేరే పెట్టిండ్రు, అదే తర్వాత నోరోవైరస్ అయింది. మన వరంగల్ పేరు మీద శత్రంజీలకు జీఐ ట్యాగు, అంటే ఈ ఊరి సరుకే అన్న గుర్తింపు, వచ్చింది, చపాట మిర్చికి వచ్చింది, పాపం ఆ ఊరోళ్లకు దక్కింది గిది.

ఇగ ఈ వైరస్ ఎంత తక్కువ ఖర్చుల పని చేస్తదంటే, కక్కినదాంట్ల, దొడ్డిల (మలంల) కోట్లకు కోట్లు వైరస్ కణాలు పోతయట, ఎదుటి మనిషి పడిపోవుటానికి పది నుంచి వంద కణాలు సాలట. లోపలికి పోయినంక 12 గంటల నుంచి 48 గంటలల్ల ఫలితం. బుధవారం తెల్లారేసరికి రెండో విడత, అమ్మ, వదిన, అన్న బిడ్డ. ఏ సర్కారు గింత టైంల డబ్బులు ఏసింది చెప్పుండ్రి?

అట్లని మేం ఊకె కూసోలే. అన్న బీరువ మీదికెల్లి 2020ల కొన్న అయిదు లీటర్ల శానిటైజర్ డబ్బా దించిండు, గడప కాడ స్టూలేసి పెట్టి వచ్చేటోనికి పోయేటోనికి చేతుల పోసిండు. కరోనాల అది పని చేసింది ఎందుకంటే ఆ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటది, ఆల్కహాల్ ఆ పొరను కరగబెడ్తది, వైరస్ ఖతం. నోరోవైరస్‌కు ఆ పొరనే లేదు, బరిబాతల తిరుగుతది. బరిబాతలోని కాడ అంగీ ఏం గుంజుతవ్? దీనికి సబ్బు నీళ్లే దిక్కు. సబ్బు గూడ దాన్ని చంపదట, చేతి మీదికెల్లి జారగొట్టి మోరీలకు పంపుతది, అందుకే 20 సెకండ్లు గోర్ల సందులు, వేళ్ల సందులు రుద్దాలె. మా బాపు చేతులు కడుగుడు మీరు చూడాలె, మూడు వేళ్లు నల్లా కింద పెట్టి తీస్తడు, నల్లా గూడ తడవదు. నేను సబ్బు పెట్టి 20 లెక్కవెడ్తుంటే ‘నీళ్లు ఊకెనే వస్తున్నయా’ అని హాల్లకెల్లి ఒర్రుతడు.

బాత్రూంలకు ఫోన్ తీస్కపోయే సంగతి నేను ఎత్త, నా ఫోన్ గూడ లోపలికి వస్తది.

పరిశుభ్రత మనకు తెల్వదని ఎవరన్న అంటే నాకు కోపం వస్తది. మనం బతుకమ్మ మొదటి రోజుకే ఎంగిలి పూల బతుకమ్మ అని పేరు పెట్టుకున్నోళ్లం, ఎంగిలి మీద మనకున్నంత పట్టింపు ఎవరికున్నది? మా ఇంట్ల చెంబుకు మూతి తగిలిందంటే ఆ చెంబు కడిగి బోర్లించాల్సిందే. ఎత్తి తాగాలె. గని ఆ ఎత్తి తాగే చెంబును కుండల ముంచేటప్పుడు నాలుగు వేళ్లు మణికట్టు దాక నీళ్లల్ల మునుగుతయి, అది ఎంగిలి కాదు, ఎందుకంటే వేళ్లకు మూతి లేదు. పొడుగు కాడ ఉన్న గంటె ఒకటి కొని కుండ మీద పెట్టిన, సాయంత్రానికి అది సాంబార్ గిన్నెల తేలింది.

మైల గూడ అంతే. రెండేండ్ల కింద నర్సంపేట దిక్కు పాలోళ్లల్ల ఒక ముసలాయన పోయిండని తెలిస్తే పదకొండు రోజులు మైల పట్టినం, గుడికి పోలే, శుభకార్యానికి పోలే, భద్రకాళి చెరువు కట్ట మీద వాకింగ్‌కు పోయి గుడి దిక్కు మొఖం గూడ తిప్పలే. ఆ ముసలాయనను నేను ఎన్నడు చూడలే, ఆయనకెల్లి నాకు ఏం అంటుతదో నాకిప్పటికీ తెల్వదు. ఇప్పుడు డాక్టర్ ఏమన్నడంటే, కక్కుడు, విరేచనాలు బంద్ అయినంక గూడ 48 గంటలు ఆ మనిషి వంట చెయ్యద్దు, మంది మధ్యకు రావద్దు, ఎందుకంటే మనిషికి నయమైనా దొడ్డిల వైరస్ రెండు వారాల దాక పోతనే ఉంటది. 48 గంటలంటే రెండు రోజులు. ‘రెండు రోజులు వదిన వంటింట్లకు రాకుంటే ఎవరు వండాలె?’ అని ఇంట్ల మొగోళ్లం ముగ్గురం ఒక్కసారే అన్నం. బాపు, అన్న, నేను, ముగ్గురం ఒక్క మాట మీద ఉన్నది పదేండ్లల్ల గదే మొదటిసారి.

ఇదే ఇంట్ల, ఇదే వదినను, నెలకు మూడు రోజులు వంటింటి గడప తొక్కనియ్యలే ఎన్నో ఏండ్లు. అప్పుడు ఎవరు వండిండ్రు? ఎవరో వండిండ్రు, ఎవ్వరు పస్తు పండలే. ఏ జబ్బు లేని రోజులల్ల అంటు, నిజంగ అంటుకునే జబ్బు వచ్చిన రోజు ‘పోనీలే బిడ్డ, నీ చేతి వంటనే బాగుంటది’.

అట్ల గురువారం పొద్దుగాల వదినకు కక్కుడు ఆగింది, మధ్యాహ్నానికి కరీంనగర్ కెల్లి అక్క, బావ సూడవచ్చిండ్రు, బ్రెడ్డు ప్యాకెట్, డజను బత్తాయిలు. చుట్టాలొస్తే వదిన పడుకోని ఉంటదా, లేచి పచ్చిపులుసు చేసింది. పచ్చిపులుసు గురించి తెల్వనోళ్లు ఉండరు గని ఈ పథకంల దాని పాత్ర చెప్పాలె, చింతపండు చేత్తో పిసుకుతరు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర చేత్తో నలుపుతరు, పొయ్యి మీద పెట్టుడన్నదే లేదు. మరిగితే వైరస్ సచ్చేది, ఈ వంటల దానికి సెగ గూడ తగలలే. బావ రెండుసార్లు పోయించుకున్నడు, అరచేతిల పోయించుకొని జుర్రుకున్నడు. అదే రోజు రాత్రి బాపు, అన్న.

వైద్యం సంగతి కొస్తే బాపుకు బాటిల్ ఎక్కితేనే జబ్బు, లేకుంటే అది జబ్బు కాదు. ఆర్ఎంపీని పిలిపించి ‘ఒక గ్లూకోజ్, ఒక సూది’ అని హోటల్ల ఆర్డర్ చెప్పినట్టు చెప్పిండు. కక్కకుండ తాగగలిగెటోనికి ఓఆర్ఎస్ నోట్లె పోస్తే సాలు, వైరస్‌కు యాంటీబయోటిక్ పని చెయ్యదు అని నేనంటే, ‘ఉప్పు చక్కెర నీళ్లు మందైతదా’ అన్నడు. అప్పుడు చెప్పిన. 1971ల బంగ్లాదేశ్ యుద్ధం టైంల బెంగాల్ల బంగావ్ కాడ శరణార్థుల క్యాంపుల కలరా వస్తే సెలైన్ బాటిళ్లు సరిపోక, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజ్, బేకింగ్ సోడా డ్రమ్ములల్ల కలిపి ఇంటోళ్ల చేతనే తాగిపిచ్చిండు, నూటికి ముప్పైమంది సచ్చేకాడ నలుగురి కంటే తక్కువకు దిగింది, 2023ల ఆయనకు, పోయినంక, పద్మవిభూషణ్ ఇచ్చిండ్రు అని. బాపు అంతా విని ‘ఆయన గూడ బాటిల్ అయిపోతేనే కదా అది పోసింది, మనకు బాటిల్ ఉన్నది కదా’ అన్నడు. ఇగ నేనేం అనాలె.

ప్యాకెట్ లేకుంటే లీటర్ మంచినీళ్లల్ల ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, తలగొట్టి కొలిచినయి, అంతే. మా ఆమె మెడికల్ షాపుకెల్లి పిల్లల కోసం ఆపిల్ ఫ్లేవర్ డబ్బా తెచ్చింది, దాంట్ల చక్కెరనే ఎక్కువ. డబ్బా మీద ఓఆర్ఎస్ అని రాసుకునుడు గూడ నడిచేది, హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఏండ్లకేండ్లు కొట్లాడితే 2025 అక్టోబర్ల తిండి సరుకుల మీద కేంద్రం పెట్టిన సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడద్దన్నది. ఈ ఒక్క కాడ నవ్వులాట పక్కకు పెడ్త, పిల్లగానికి గంటలకు గంటలు మూత్రం రాకుంటే, కండ్లు గుంతలు పడ్తే, మత్తుగ పడుంటే, దొడ్డిల రక్తం కనపడ్తే, నా వ్యాసం చదువుకుంట కూసోకుండ్రి, దవాఖానకు ఉరుకుండ్రి.

శుక్రవారం నా వంతు, మా ఆమె వంతు. ఆ రోజు అనుభవం రాయుటానికి ఇది జాగ కాదు. ఒక్క బాత్రూం, ఇద్దరు అర్హులు.

అన్న లేచి తిరుగుడు షురూ జేసి ఇల్లంతా ఫినాయిల్ పోసి తుడిచిండు, మస్తు వాసన, వాసన వస్తే శుభ్రమైనట్టే అని మన నమ్మకం. డాక్టర్లు చెప్పేది బ్లీచ్. 2020ల ఊర్లల్ల రోడ్ల మీద కొట్టిన హైపో (సోడియం హైపోక్లోరైట్) ఉన్నది చూడు, గదే. అయిదు శాతం ద్రావణం అయితే లీటర్ నీళ్లకు 20 నుంచి 100 మిల్లీలీటర్లు, ముందు కక్కుడు ఎత్తేసి, కడిగి, ఆ నీళ్లు పోసి కనీసం అయిదు నిమిషాలు ఉంచాలె, నల్లాలు, తలుపు గడియలు, మగ్గు పిడి, స్విచ్చులు ఏవీ ఇడ్వద్దు. మా ఇంట్ల అయిదు నిమిషాలు ఎవ్వరూ బాత్రూం ఖాళీగ ఇడ్వరు, తలుపు కొడ్తరు. ఆఖరికి అన్న ఇంకింత గట్టిగ ఉంటదని బ్లీచ్‌ల బాత్రూం ఆసిడ్ కలపబోయిండు, నేను చెయ్యి పట్టి ఆపిన. ఆ రెండు కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తది, అప్పుడు వైరస్ సుత ఉండదు, మనం సుత ఉండం.

శనివారం నా బిడ్డతోని తొమ్మిది పూర్తి. పథకం అందని ఆ ఒక్కరు మా బాపమ్మ. ఎనభై దాటింది. ముప్పై ఏండ్ల సంది ఆమె చెంబు వేరే, పళ్లెం వేరే, తువ్వాల వేరే, ఎవ్వరిని ముట్టనియ్యదు, వాకిట్ల తన బక్కెట్ తను పెట్టుకొని సబ్బుతోని మోచేతుల దాక కడుక్కుంటది. ఇన్ని రోజులు ‘బాపమ్మది వేరుకుంపటి’ అని నవ్వుకున్నం. వారమంతా అరుగు మీద కూసోని, ఒక్కొక్కరం బాత్రూంకు ఉరుకుతుంటే వేళ్ల మీద లెక్కవెట్టింది. ఇంటి ఐక్యతకు ఈ వయసుల ఇట్ల అడ్డం తిరుగుతదని నేను అనుకోలే.

శనివారం మాపటికి కరీంనగర్ కెల్లి అక్క ఫోన్ చేసింది, గొంతు పీలగ. బావకు శుక్రవారం రాత్రి షురూ అయిందట, తెల్లారి పిల్లలకట, ఇప్పుడు ఆమెకట.

ఇయ్యాల ఆదివారం. సూడవోకుంటే అక్క ఏమనుకుంటది, మనకు బాగలేనప్పుడు వాళ్లు వచ్చిండ్రా లేదా? హన్మకొండ బస్టాండ్ల కూసోని ఇది టైప్ చేస్తున్న, అన్న బత్తాయిలు బేరం చేస్తున్నడు, చిన్నోడు ఒక చేతిల బ్రెడ్డు ప్యాకెట్ పట్టుకొని ఇంకో చెయ్యి బొటనవేలు నోట్లె పెట్టుకున్నడు. అక్క ఇంటోళ్ల కోసం వదిన టిఫిన్ గిన్నెల పచ్చిపులుసు కట్టింది. అమ్మ సంచిల మొల కాడి తువ్వాల గూడ పెట్టింది, దారిల చేతులు తుడుచుకునేటందుకు.