మూత తీయరాదు

మా ఇంట్లో ఒక స్లో కుక్కర్ ఉంది, సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండ. ప్రస్తుతం అందులో ఉల్లిపాయలు ఉంటున్నాయి. వాటికి గాలి ఆడాలని మూత తీసి పక్కన పెట్టాం. ఒకప్పుడు ఆ మూత తీసినందుకే నేను మా అమ్మతో సగం రోజు గొడవపడ్డాను.

మేముండేది ఓహాయోలో, కొలంబస్ దగ్గర. జనవరిలో ఇక్కడ ఒక్కోరోజు బయట కంటే ఫ్రీజర్‌లోనే నయం అనిపిస్తుంది. అలాంటి చలికి ఇక్కడివాళ్లు కనిపెట్టుకున్న మందు బీఫ్ స్టూ, అంటే గొడ్డు మాంసం, కూరగాయలు కలిపి ఉడికించిన చిక్కటి పులుసు లాంటిది. మా టీమ్‌లో ఒక పెద్దాయన సోమవారం లంచ్ డబ్బాలో అదే తెచ్చుకుంటాడు. మైక్రోవేవ్‌లో పెట్టాడంటే ఆ ఫ్లోర్ మొత్తం మీద ఎవరికీ పని సాగదు. ఎలా చేస్తారండీ అని అడిగితే, "పొద్దున్నే అన్నీ కుక్కర్‌లో పడేసి ఆఫీసుకొచ్చేస్తా. సాయంత్రానికి దానంతటదే అయిపోతుంది" అన్నాడు.

దానంతటదే అయిపోతుందన్న మాటకి నేను పడిపోయాను. మా ఇంట్లో ఏదీ దానంతటది అవదు. కాఫీ కూడా ఎవరో ఒకరు నిలబడితేనే అవుతుంది.

మర్నాడు ఆయన ఒక కార్డు మీద వంట విధానం రాసిచ్చాడు. ఆ ఉత్సాహంలో నేను ఆయన్నీ ఆయన భార్యనీ శనివారం సాయంత్రం 6 గంటలకి భోజనానికి పిలిచేశాను, ఆయన చెప్పిన స్టూనే ఆయనకి వండిపెడతానని. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదేనని అప్పుడు తట్టలేదు.

స్లో కుక్కర్ పక్క వీధిలో గరాజ్ సేల్‌లో, అంటే ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముకునే చోట, 5 డాలర్లకి దొరికింది. లోపల బరువైన పింగాణీ కుండ, పైన అద్దం మూత, ముందు గుండ్రటి మీట. మీట చుట్టూ ఉండాల్సిన అక్షరాలు ఏళ్ల తరబడి తుడిచీ తుడిచీ అరిగిపోయాయి. ఆఫ్ అన్నది మాత్రం కనిపిస్తోంది. ఆఫ్ తర్వాత లో, లో తర్వాత హై. ముప్ఫై ఏళ్లు ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పిన చెయ్యి, దీనికి కూడా అక్షరాలు కావాలా అనుకున్నాను.

ఇక మా అమ్మ. నవంబర్‌లో వచ్చింది. వస్తూ వస్తూ 5 లీటర్ల ప్రెషర్ కుక్కర్‌ని చీరల్లో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు సూట్‌కేసులో తెచ్చింది. ఇక్కడ దొరుకుతుందమ్మా అంటే, "దొరుకుతుంది, కానీ దాని విజిల్ నాకు అలవాటు లేదుగా" అంది. తెనాలి దగ్గర మా ఊళ్లో, ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్ద కూర వండటంలో ఆవిడది నలభై ఏళ్ల సర్వీసు. మా వైపు పెద్ద కూరంటే చాలావరకు గేదె మాంసమే. ముదురనిపిస్తే ఒక పచ్చి బొప్పాయి ముక్క వేసి, విజిల్స్ లెక్కపెట్టి దించుతుంది. గడియారం చూడదు. ఆవిడ వంటలో కాలానికి కొలత విజిలే.

శుక్రవారం రాత్రి కార్డు చదివి వినిపించాను. పైన "హార్టీ బీఫ్ స్టూ" అని రాసుంది.

"హార్టీ అంటే? గుండెకాయ కూడా వెయ్యాలా?"

"కాదమ్మా, కడుపు నిండుగా ఉంటుందని."

చక్ రోస్ట్, అంటే భుజం దగ్గరి మాంసం, 3 పౌండ్లు. క్యారెట్లు, బంగాళదుంపలు, సెలరీ, ఉల్లిపాయ, టొమాటో పేస్టు, బీఫ్ బ్రాత్, బిర్యానీ ఆకు. మిరియాల పొడి అర టీస్పూను.

"అర స్పూనా? మూడు పౌండ్లకా? ఇది కూరా, బాలింత పథ్యమా?"

చివర్లో వూస్టర్‌షైర్ సాస్ రెండు టేబుల్ స్పూన్లు. ఈ పేరు ఇంగ్లీషులో రాసింది రాసినట్టు పలికితే కొట్లో నవ్వుతారు. సగం అక్షరాలు మింగేసి "వూస్టర్" అనాలి. అమ్మ సీసా మూత తీసి, ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, "ఇందులో చింతపండు ఉందిరా" అంది.

ఇంగ్లండు సాసులో చింతపండు ఎందుకుంటుందమ్మా అని నవ్వాను. సీసా తిప్పి చదివితే ఉంది. చింతపండూ ఉంది, ఆంచోవీ అనే చిన్న చేపలూ ఉన్నాయి. అంటే చేపల పులుసుని సీసాలో పోసి పేరు మార్చారన్నమాట. నోటితో ఇంత తేల్చగలిగిన మనిషి మాట మర్నాడైనా వినాలని నాకు ఆ రాత్రే తెలియాల్సింది.

శనివారం పొద్దున మాంసాన్ని ముందు పెనం మీద ఎర్రగా వేయించాలని కార్డులో ఉంది. వేయించాను. పొగ అలారం ఇల్లు ఎగిరిపోయేలా మోగింది. నైట్ డ్యూటీ చేసొచ్చి అప్పుడే పడుకున్న మా ఆవిడ (ఆసుపత్రిలో నర్సు) మెట్ల మీద నుంచి ఒక్క చూపు చూసి మళ్లీ వెళ్లిపోయింది. అమ్మ కుర్చీ ఎక్కబోతే ఆపి, తువ్వాలు నేను విసిరాను. అలారం ఊరుకున్నాక అన్నీ కుండలో సర్ది, 8 గంటలకి మీట ఒక మెట్టు తిప్పాను. కార్డు ప్రకారం లో మీద 8 గంటలు. ఎర్రలైటు వెలిగింది. మూత మీద ఒక కాగితం అంటించాను: "మూత తీయరాదు." ఆర్టీసీ బస్సులో రాసినంత గట్టిగా రాశాను.

అమ్మ కుక్కర్ పక్కన కుర్చీ వేసుకుంది.

"ఎన్ని విజిల్సు?"

"దీనికి విజిల్ ఉండదమ్మా."

"మరి ఉడికిందని అదెట్లా చెబుద్ది?"

"చెప్పదు. మనమే నమ్మాలి."

"నమ్మడానికి చర్చి ఉందిగా" అంది.

అప్పుడు నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో చదివినదంతా కడుపులో ఉంది మరి. ఈ వస్తువుకి మూలం ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన. 1940లో పేటెంటు వచ్చింది. వాళ్లమ్మ లిథువేనియాలో గడిపిన చిన్నతనం గురించి ఆయనకి చెబుతుండేదట. యూదులు సబ్బాతు రోజు, అంటే శనివారపు విశ్రాంతి దినాన, పొయ్యి ముట్టించకూడదు కనుక, శుక్రవారం సాయంత్రమే మాంసం, చిక్కుళ్లు కుండలో వేసి ఊళ్లోని రొట్టెల భట్టీలో పెట్టి వచ్చేవాళ్లు. రాత్రంతా చల్లారుతున్న భట్టీ వేడికే మర్నాటికి ఉడికేది. నాక్సన్ ఆ పద్ధతినే కరెంటు కుండగా మార్చాడు. ఆయన కంపెనీని 1970లో ఇంకో కంపెనీ కొని, మరుసటి ఏడే క్రాక్‌పాట్ అని పేరు పెట్టి అమ్మితే అమెరికా అంతా కొన్నది.

అమ్మ శ్రద్ధగా వింది. "దాలి" అంది.

"ఏంటి?"

"మీ నాయనమ్మ పెరట్లో దాలిగుంట ఉండేదిరా. పిడకల నిప్పు మీద పాలకుండ పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగేవి. మీగడ ఇంత మందాన కట్టేది, ఎర్రగా. ఇది అదే. దీనికి లిథువేనియా దాకా ఎందుకు?"

నా ఉపన్యాసం అక్కడ ఆగిపోయింది. కానీ అమ్మ ఆగలేదు.

"కానీ దాలి పక్కన కూర్చుంటే కాళ్లకి సెగ తగిలేదిరా. దీని పక్కన గంట నుంచి కూర్చున్నా. నా కాళ్లు చల్లగానే ఉన్నాయి."

"ఇది స్లో అమ్మా. పేరులోనే ఉంది."

పదింటికి హాల్లో ఉండగా వంటింట్లోంచి అద్దం మీద పింగాణీ తగిలిన చప్పుడు, టింగుమని. వెళ్లి చూస్తే అమ్మ కిటికీలోంచి మంచు చూస్తోంది. కళ్లద్దాల మీద ఆవిరి పట్టి ఉంటే దొంగ దొరికేది. పట్టలేదు. అది కూడా ఒక ఆధారమే, నాకు తట్టలేదంతే.

పదకొండున్నరకి మళ్లీ టింగు. ఈసారి నేను గొంతు పెంచాను. ఒక్కసారి మూత తీస్తే లోపలి వేడి పోయి ఇరవై నిమిషాలో అరగంటో వంట వెనక్కి పోతుందమ్మా, దయచేసి తీయకు అన్నాను. "వేడుంటే గదా పోవడానికి" అంది. మధ్యాహ్నానికి ఇంట్లో వాసన కూడా లేదని ఫిర్యాదు చేసింది. ఉన్న వాసన పొద్దున మాడినది. నేను కొలాజెన్ గురించి చెప్పాను: భుజం మాంసంలో జిగురు పట్టుంటుంది, అది గంటల తరబడి సన్నసెగ మీదే కరిగి చారుకి చిక్కదనం ఇస్తుంది, తొందరపడితే పీచులాగా అవుతుంది. అమ్మ అంది, "ఆ జిగురు సంగతి నాకు తెలుసు. ఆ సన్నసెగ ఎక్కడుందనే అడుగుతున్నా."

ఒంటిగంటకి మూడోసారి. రెండున్నరకి నాలుగోసారి, ఈసారి దాచకుండా, నా ఎదురుగానే గరిటెతో క్యారెట్ తీసి విరిచింది. టప్పున విరిగింది, పొలంలోంచి ఇప్పుడే పీకినట్టు.

నాకు కోపం వచ్చింది. పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఏదైనా ఆగిపోతే కారణం ఎవరి మీదికి తోయాలో చేతికి అలవాటే. నాలుగు సార్లు మూత, సారికి అరగంట, మొత్తం రెండు గంటలు నువ్వే తినేశావు, వాళ్లు ఆరింటికి వస్తున్నారు అని లెక్క చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ కాగితం ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్లి బైబిల్ తెరుచుకుంది. అమ్మ తిడితే నాకు భయం లేదు గానీ, బైబిల్ తెరిస్తే మాత్రం ఉంది.

మూడున్నరకి మా ఆవిడ లేచి వచ్చింది. సంగతి విని, థాంక్స్‌గివింగ్ టర్కీ కోసం కొన్న థర్మామీటరు సొరుగులోంచి తీసి మాంసం ముక్కలో గుచ్చింది.

"నూట పద్దెనిమిది" అంది. "పేషెంటుకైతే ఎప్పుడో పోయేంత జ్వరం. కూరకి చాలదు."

తర్వాత ఫోన్ లైటు మీట మీద ఏటవాలుగా వేసింది. ఆ వెలుగులో, నేను తిప్పిన చోట, అరిగిపోయిన ఒక అక్షరం నీడలా కనబడింది. డబ్ల్యూ. ఎడమ కాలు ఒకటే మిగిలింది దానికి.

ఆ కుక్కర్‌లో ఆఫ్ పక్కన ఉన్నది లో కాదు. వార్మ్. ఉడికిపోయిన కూరని చుట్టాలొచ్చేదాకా వెచ్చగా ఉంచడానికి పెట్టిన మెట్టు. ఏడున్నర గంటలుగా నేను పచ్చి మాంసానికి శాలువా కప్పి కూర్చున్నాను.

"ఇప్పుడు హై మీద పెడితే?"

"పారెయ్యండి" అంది మా ఆవిడ, డ్యూటీ గొంతుతో. 40 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య సూక్ష్మజీవులకి పెళ్లిళ్లూ పేరంటాలే. మాంసం అందులో రెండు గంటలు మించి ఉండకూడదు. ఇది పొద్దుటి నుంచి అక్కడే ఉంది. తర్వాత ఎంత మరిగించినా, కొన్ని క్రిములు వదిలిన విషం పోదు. శనివారం రాత్రి మా వార్డులో మిమ్మల్ని చూడాలని నాకు లేదు అని ముగించింది.

మోకాళ్ల లోతు మంచులో నడిచి చెత్తడబ్బా దాకా వెళ్లాను. 3 పౌండ్ల మాంసం ఖరీదు అమ్మకి రూపాయల్లో మాత్రం చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి వంటింట్లో అల్లం వెల్లుల్లి వాసన. అమ్మ చీర కొంగు దోపేసింది. మర్నాటి ఆదివారం కూరకని ముందే ఉప్పు, పసుపు, కారం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టుకున్న మాంసం బయటికొచ్చింది. చీరల్లో వచ్చిన చంటిపిల్ల స్టవ్ ఎక్కింది.

"నువ్వు ముందే చెప్పావు" అన్నాను తలుపు దగ్గర నిలబడి.

"క్యారెట్లు తరుగు" అంది.

వాళ్ల వంటకి గౌరవంగా రెండు క్యారెట్లు, నాలుగు బంగాళదుంపలు వేయనిచ్చింది. పులుపుకి చింతపండు నానబెట్టబోయి ఆగి, వూస్టర్ సీసా ఎత్తి గడగడా ఒంపింది. "ఎట్లాగూ ఉందిగా ఇందులో."

సరిగ్గా ఆరింటికి వాళ్లొచ్చారు. చేతిలో రొట్టె. వాళ్లు గుమ్మంలో బూట్లు విప్పుతుండగా కుక్కర్ ఒక్క కూత వేసింది. ఆవిడ సగం విప్పిన కోటు మళ్లీ తొడుక్కుంది. ఏమీ కాదండీ, వంటే అని లోపలికి తీసుకొచ్చేలోపు ఇంకోటి. ఆయన నవ్వుతూనే ఉన్నాడు గానీ తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ వంటింట్లో వేళ్లు మడుచుకుంటోంది.

వడ్డించాం. మొదటి ముద్దకి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రెండో ముద్దకి కళ్లజోడు తీశాడు. ఆవిడ రొట్టెతో గిన్నె అడుగు దాకా తుడుచుకు తింటూ, మధ్యమధ్య ముక్కు తుడుచుకుంటూ, ఆపకుండా తింది. ఇది నేనిచ్చిన స్టూయేనా అన్నాడాయన, కొంచెం అనుమానంగా. అదేనండీ, చిన్నచిన్న మార్పులు అన్నాను. ఆయన చూపు గట్టు మీద ఉన్న స్లో కుక్కర్ మీద పడింది. కడిగి బోర్లించి ఉంది.

"మాంసం ఎంత మెత్తగా ఉంది! ఎంతసేపు పెట్టారు?" అని ఆయన అమ్మనే అడిగాడు, ఇంగ్లీషులో, గట్టిగా, నెమ్మదిగా.

నేను నోరు తెరిచేలోపు అమ్మ ఎనిమిది వేళ్లు చూపించి, "ఎయిట్" అంది.

ఆయన భార్య వైపు తిరిగి టేబుల్ మీద చేత్తో కొట్టాడు. "చెప్పానా? లో మీద ఎనిమిది గంటలు. తొందరపడకూడదు!"

"ఏమంటున్నాడ్రా?" అంది అమ్మ.

"లెక్క సరిపోయిందంటున్నాడమ్మా."

"మరి? ఏడుకి దింపితే కొంచెం గట్టిగా ఉండేది" అని, ఆయన గిన్నెలో ఇంకో గరిటె వేసింది.