పాత సిమెంటు రేకులపై తిరుగుతున్న సందేశంలోని తప్పులు

కావలి నుంచి ఒంగోలు దాకా పాత రేకుల ఇళ్ళు విప్పి స్లాబులు వేసుకుంటున్న వారి ఫోన్లలో ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. రేకుల్లోని ఆస్బెస్టాస్ (సన్నటి పోగులుగా విడిపోయే రాతి ఖనిజం) సిమెంటులో బిగిసిపోయి ఉంటుందని, పైగా అది తెల్ల రకం (క్రైసోటైల్) కనుక హాని చేయదని, మూతికి తడి తువ్వాలు చుట్టుకుంటే చాలునని, 30 ఏళ్ళుగా రేకులు విప్పుతున్న మేస్త్రీలకు ఏమీ కాలేదని, పగిలిన ముక్కలను దారి గుంతల్లో పోసుకోవచ్చని దాని సారాంశం.

బిగిసి ఉంటుందన్న మాటలో కొంత నిజముంది. పగలకుండా, ఎవరూ కదపకుండా ఉన్న రేకు నుంచి పోగులు పెద్దగా రాలవు కాబట్టి, అవసరం లేనిచోట దాని జోలికి పోకపోవడమే మంచిది. అయితే ఆ సందేశం మాట్లాడుతున్నది రేకులు విప్పే పని గురించి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో రేకును పట్టి ఉంచే జె హుక్కులు (J ఆకారపు ఇనుప కొక్కేలు) తుప్పుపట్టి, నట్టు ఎంత తిప్పినా కదలదు. కూలీ విసిగి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే వాషరు చుట్టూ రేకు పిగిలి బూడిదరంగు పొడి రాలుతుంది. గ్రైండరు పెడితే ఆ పొడి పొగలా లేస్తుంది. సిమెంటు పట్టు వదిలి పోగులు గాలిలో కలిసేది అప్పుడే. ముందుగా రేకును నీళ్ళతో సన్నగా తడిపి, హుక్కును బోల్టు కట్టరుతో తెంచి, రేకును పగలకుండా దించాలి; పైనుంచి కిందికి విసరకూడదు. రేకు మీద నేరుగా కాలు వేయడం మరీ ప్రమాదం, ఎందుకంటే పాత రేకు మనిషి బరువుకు ఉన్నట్టుండి విరుగుతుంది. ఆస్బెస్టాస్ జబ్బు ఎప్పటికో వస్తుంది గాని, అలా పడితే ప్రాణం అక్కడికక్కడే పోవచ్చు.

తెల్ల రకం హాని చేయదన్నది పూర్తిగా అబద్ధం. తెల్ల రకంతో సహా అన్ని రకాల ఆస్బెస్టాస్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఐరోపా సమాఖ్య 2005 నాటికి తెల్ల రకాన్ని కూడా నిషేధించింది.

తడి తువ్వాలు కంటికి కనిపించే దుమ్మును కొంత ఆపుతుందేమో గాని, కంటికి ఆనని పోగులను ఆపలేదు. ఈ పనికి ముఖానికి సందు లేకుండా అతుక్కునే, అతి సన్నటి పోగులను కూడా పట్టే పీ100 ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు కావాలి; గడ్డం పెంచినవారికి అది కూడా సరిగా అతకదు. పని బట్టలను ఇంటికి తీసుకుపోతే వాటిని దులిపి ఉతికే ఇల్లాలి ఊపిరితిత్తుల్లోకీ ఆ పోగులు చేరతాయి.

ఇక 30 ఏళ్ళ వాదన. ఆస్బెస్టాస్ జబ్బులు పోగులు పీల్చిన 10 ఏళ్ళకు గాని, ఒక్కోసారి 40 ఏళ్ళకు గాని బయటపడవు. అందుకే సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్ళు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. మార్కాపురం పలకల గనులున్న ప్రాంతంలో రాతి దుమ్ము ఊపిరితిత్తులను ఎంత నెమ్మదిగా తినేస్తుందో ఒకరు చెప్పనక్కరలేదు. ఇప్పటిదాకా ఏమీ కాలేదంటే ఇక కాదని అర్థం కాదు.

చివరిది ముక్కల సంగతి. గుంతల్లో పోసిన ముక్కలు ట్రాక్టరు చక్రాల కింద రోజూ నలిగి పొడి అవుతూనే ఉంటాయి. వాటిని తడిపి, దళసరి పాలిథీన్‌లో రెండు పొరలుగా చుట్టి, టేపు వేసి, ఆస్బెస్టాస్ అని పైన రాయాలి. నేల మీది పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా అదే మూటలో వేయాలి. ఇది మామూలు చెత్తబండికి వేసే సరుకు కాదు కాబట్టి, ఎక్కడికి చేర్చాలో రేకులు విప్పకముందే మున్సిపాలిటీలోనో, కాలుష్య నియంత్రణ మండలి వారి ఒంగోలు, నెల్లూరు కార్యాలయాల్లోనో అడిగి, ఆ రవాణా ఖర్చును కాంట్రాక్టు మాట్లాడుకునేటప్పుడే లెక్కలో వేసుకోవాలి.