ఒక్క వేలు, మూడు పనులు

‘అమ్మా, ఓసారి థంబ్ పెట్టు.’ రేషన్ దుకాణంలోనూ, సిమ్ కార్డుల కొట్టులోనూ, పల్లెలో బ్యాంకు డబ్బులిచ్చే బ్యాంకు మిత్ర దగ్గరా వినపడేది ఈ మాటే. జరిగే పని మాత్రం మూడుచోట్లా ఒకటి కాదు.

రేషన్ డీలరు యంత్రం అడిగేది చిన్న ప్రశ్న: ఈ 12 అంకెల ఆధార్ నంబరూ ఈ వేలూ ఒకరివేనా? ఆధార్ వివరాలుండే కేంద్ర భాండాగారం నుంచి వచ్చే జవాబు అవును, కాదు అంతే. ఇది ప్రామాణీకరణ. సిమ్ కొట్టులో జరిగేది ఈ-కేవైసీ, అంటే కాగితం లేకుండా వినియోగదారు వివరాలు తీసుకోవడం. అదే వేలు పెడితే పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో కంపెనీ చేతికి వెళతాయి. బ్యాంకు మిత్ర దగ్గర ఏఈపీఎస్ (ఆధార్‌తో నడిచే చెల్లింపుల పద్ధతి) లావాదేవీలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు, ఖాతాలోంచి డబ్బు బయటికొస్తుంది. పిన్ లేదు, ఓటీపీ లేదు. ఈ మూడింటినీ కలిపి మనం ‘వెరిఫికేషన్’ అనేస్తున్నాం. పేచీ అక్కడే మొదలవుతోంది.

ఏ సమాచారం తీసుకుంటున్నారో, దేనికి వాడతారో, వేలు పెట్టడం ఇష్టం లేకపోతే వేరే దారేమిటో ముందే చెప్పాలని 2016 ఆధార్ చట్టం 8వ సెక్షన్ అంటోంది. చాలా కౌంటర్లలో సమ్మతి గడిలో టిక్కు కొట్టేది వేలు పెట్టినవారు కాదు, యంత్రం పట్టుకున్నవారు. అదీ ఇంగ్లిష్ తెర మీద. ఇక ఆధార్ జిరాక్స్ తీసి సంతకం పెట్టించుకుని ఫైల్లో పెట్టుకోవడం ఏ రకం తనిఖీ కిందికీ రాదు. కార్డు అసలుదో కాదో తేల్చేది దాని మీది క్యూఆర్ కోడ్‌లోని డిజిటల్ సంతకం. దాన్ని స్కాన్ చేసేవారెందరు? కాపీ ఇవ్వక తప్పకపోతే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు.

పెద్దపల్లి జిల్లాలో 2018లో బయటపడిన కేసులో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేశారు. ఇలాంటివాటికి అడ్డుకట్టగా బయోమెట్రిక్ లాక్ ఉంది. ఆధార్ యాప్‌లో లాక్ చేస్తే వేలు, కనుపాప, ముఖం మూడూ పనిచేయవు, ఓటీపీ పనిచేస్తుంది. అవసరానికి తాత్కాలికంగా తెరిస్తే 10 నిమిషాల తరువాత తిరిగి మూసుకుంటుంది.

లాక్ పెట్టి మరిచిపోయినవారికి ‘మీ థంబ్ పడట్లేదు’ అనే జవాబొస్తుంది. తెర మీది నంబరు చూడమనండి: 330 అయితే లాక్, 300 అయితే ముద్ర కలవలేదు. సిమెంటు పనిలో, నాట్లలో గీతలరిగిన వేళ్లకు ఈ 300 తరచూ ఎదురవుతుంది. తడిగుడ్డతో తుడిచి వేరే వేలు పెట్టాలి. నమోదప్పుడు పది వేళ్లూ తీసుకున్నారు కదా, బొటనవేలే కావాలని పట్టుబట్టడమెందుకు?

మేం అడిగేది పెద్దదేమీ కాదు. వేలు పెట్టకముందే యంత్రం తెలుగులో పలకాలి: ‘మీరవునో కాదో చూస్తున్నాం’, ‘మీ వివరాలు తీసుకుంటున్నాం’, ‘మీ ఖాతా నుంచి ఇంత తీస్తున్నాం’. బరువూ ధరా చెప్పే యంత్రాలకు ఇది కష్టం కాదు. విఫలమైన ప్రతిసారీ కోడ్‌తో రసీదు ఇవ్వాలి. అది చేతిలో ఉంటే, బియ్యం దక్కక వెనుదిరిగిన మనిషి మండల కార్యాలయంలో ‘వేలు పడలేదట’ అని కాకుండా ఏం జరిగిందో చెప్పగలుగుతుంది.